కొండ మీది వాన, పెడన కాలువ

మన విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు డిసెంబరు విజ్ఞానయాత్ర మీద ఒక వ్యాసం వ్రాయమన్నప్పుడు, చూసినవి చూసినట్లు వరసగా వ్రాసి ఇస్తే సరిపోతుందనుకున్నాను. బొర్రా గుహలు, అరకులోయ, పాడేరు, తిరుగుప్రయాణం – నాలుగు పేజీలు. కానీ వ్రాయటానికి కూర్చుంటే కలం మాటిమాటికీ మా వూరి కాలువ దగ్గరకే వచ్చి ఆగుతున్నది. అరకు వెళ్ళినవాడు అరకు గురించి వ్రాయక పెడన కాలువ గురించి వ్రాస్తాడేమిటని పాఠకులు విసుక్కోవద్దు. ఆ రెంటికీ సంబంధం వున్నది. అది నాకు యాత్ర సగంలో తెలిసింది.

మా వైపు పిల్లలకు కొండ అంటే సినిమాలో చూసిందే. పెడన చుట్టుపక్కల ఎత్తయినవి ఏమిటయ్యా అంటే ఒకటి గడ్డివామి, రెండు కాలువగట్టు. అసలు కొండ చూడాలంటే బెజవాడ దాకా పోవాలి. మా నేల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున వున్నది. నీళ్ళు ఎటు పోవాలో వాటికే తెలియక నిలబడిపోయే నేల. మా నాన్నకు శివారు భూమి. కాలువకు నీళ్ళు వదిలారని పేపర్లో వస్తుంది, అవి మా చేలోకి వచ్చేసరికి మరో పదిహేను రోజులు. ఇటువంటి చోటినుంచి బయలుదేరినవాడు కొండలను ఎట్లా చూస్తాడో అట్లాగే నేనూ చూశాను, ముందుగానే చెబుతున్నాను.

బందరులో రాత్రి బండి ఎక్కి తెల్లవారేసరికి విశాఖపట్నం చేరాము. అక్కడినుంచి కిరండూల్ వెళ్ళే బండి. ఈ రైలుమార్గం మనలాంటి విహారయాత్రికుల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చేయటానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ వరకు వేశారు. కొండలను తొలిచి 58 సొరంగాలు. మా తరగతిలోవాళ్ళు ప్రతి సొరంగంలోనూ కేకలు పెట్టటం మొదలుపెట్టి, ఇరవయ్యవదానికి అలిసిపోయి ఊరుకున్నారు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున వున్నది. కాశ్మీరులో రైలు పడేదాకా మన దేశపు బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తయినదని పేరు. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని మనం చదువుకున్న లెక్క. స్వెట్టరు తెచ్చుకోని ముగ్గురు మిత్రులకు ఆ లెక్క ఒంటితో బోధపడింది.

రైలు కొండను కోసిన చోట్లలో ఎర్రటి రాయి కనిపిస్తుంది. దాని పేరు ఖొండలైటు. ఈ తూర్పుకనుమలలో వుండే కోందు జనం పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరది. అందులో మెరిసే ఎర్రని గింజలు గార్నెట్. ఒక జాతిజనం పేరు రాతికి పెట్టి ప్రపంచమంతా వాడుతుండగా, ఆ జనాన్ని గురించి మన పాఠ్యపుస్తకాలలో ఎన్ని పంక్తులున్నాయో వెతికి చూస్తే బాగుంటుంది.

బొర్రా గుహల్లోకి దిగుతుంటే నాకు మొదటి సంవత్సరం ల్యాబ్ గుర్తుకు వచ్చింది. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలాగా తెల్లబడుతుంది. కరగని కాల్షియం కార్బొనేటు పుట్టిందన్నమాట. అక్కడితో ఆపక ఇంకా ఊదుతూ పోతే మళ్ళీ తేటబడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువైతే ఆ కార్బొనేటే బైకార్బొనేటుగా మారి నీటిలో కరిగిపోతుంది. బొర్రా గుహ అంటే ఈ రెండో దశ, లక్షల సంవత్సరాలపాటు. వానచినుకు గాలిలోనుంచీ, ముఖ్యంగా అడవి నేలలో కుళ్ళే ఆకుల మధ్యనుంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సన్నని ఆమ్లమవుతుంది. అది సున్నపురాయి పగుళ్ళలోకి దిగి రాయిని కరిగించుకుంటూ పోతుంది. గుహ కప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు గాలిలోకి వెళ్ళిపోతుంది; కరిగిన సున్నం తిరిగి గట్టిపడి కప్పుకే అంటుకుంటుంది. అదే స్టాలక్టైటు. కింద పడిన చుక్క వదిలిన సున్నం నేలనుంచి పైకి లేస్తే స్టాలగ్మైటు. రెండూ కలిస్తే స్తంభం. మన వైపు గుల్లసున్నం కాల్చేవాళ్ళు బట్టీలో వేడిపెట్టి చేసే పనిని, ఇక్కడ చల్లని నీరు తొందర లేకుండా మరో దారిలో చేస్తున్నది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మాలో ఒకడు బొటనవేలంత సున్నపు ముక్కను విరిచి జేబులో వేసుకున్నాడు. బయటికి వచ్చాక గర్వంగా చూపించాడు. మా లెక్చరరు గారు కోప్పడలేదు. ఇటువంటివి ఒక అంగుళం పెరగటానికి వందల ఏళ్ళు పడుతుంది, నీ చేతిలో వున్నది ఎన్ని తరాల వానో లెక్క కట్టి రేపు ఉదయం నాకు చెప్పు అన్నారు. వాడు ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదు. విరిచింది తిరిగి అతకదు గదా! గోడల మీద పేర్లు చెక్కినవాళ్ళు చాలామందే వున్నారు; వాళ్ళకు ఇట్లా లెక్క అడిగేవారు దొరకలేదు.

ఆ గుహలను తొలిచిన ఏరు గోస్తని. అనంతగిరి కొండలలో పుట్టి, గుహల అడుగుగా పారి, తాటిపూడి రిజర్వాయరులో నిలిచి విశాఖ ప్రజల దాహం తీర్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొట్టి నది. పొద్దున్నే కొండమీద చూసినదానిని సాయంత్రానికి సముద్రం దగ్గర చూడవచ్చు. నేను అక్కడ వున్న నీళ్ళన్నీ అట్లాగే పోతాయనుకున్నాను. పొరపాటు.

పొరపాటని మర్నాడు తెలిసింది. అరకు నుంచి పాడేరు పోయే దారిలో మా బస్సు కాఫీ తోటల దగ్గర ఆగింది. కాఫీ తోట అనగానే నేను మన మామిడితోపులాగా వరసలు ఊహించుకున్నాను. తీరా చూస్తే అది అడవిలాగానే వున్నది. పైన సిల్వరోక్ చెట్లు, వాటికి పాకిన మిరియపు తీగె, ఆ నీడలో మనిషి ఎత్తు కాఫీ మొక్కలు, డిసెంబరు కాబట్టి ఎర్రటి పళ్ళు. పండు ఒకేసారి పండదు. ఎర్రబడినవి ఏరుకుంటూ ఒక్కో మొక్క దగ్గరకు మళ్ళీ మళ్ళీ రావాలి. మన వైపు కోత అంటే కొడవలి పట్టి చేను మొత్తం పడేయటమే. ఇక్కడ కోత అంటే పువ్వులు ఏరినట్లు. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి దిగువన వాలులో చోళ్ళు (మన రాగులే), సామలు, వలిసెలు. అందరూ ఫోటోలు తీసుకునే పసుపుపచ్చ పూలు వలిసెలవే. మేము వెళ్ళేసరికి పూలు రాలిపోయాయి. మిత్రులు నిరాశపడ్డారు. గింజ గట్టిపడ్డది గనుక రైతుకు అదే కావలసిందని నేను అంటే, వీడికి సౌందర్యదృష్టి లేదన్నారు.

నన్ను నిలబెట్టింది మాత్రం వరి. రెండు కొండల మధ్య గెడ్డ దిగే ఒడిలో మెట్లుమెట్లుగా చిన్నచిన్న మళ్ళు. ఒక్కొక్కటి మా ఇంటి ముంగిలంత వుంటుంది. పైమడి నిండితే గట్టు గండి నుంచి కిందిమడికి, దానినుంచి ఇంకా కిందికి. మోటారు లేదు, లాకు లేదు, వంతుల కోసం లస్కరు చుట్టూ తిరగటం లేదు. అప్పటికి పంట కోసి వున్నది. గట్టు సరిచేస్తున్న ఒక ముసలాయన దగ్గరకు పోయి మాట కలిపాను.

"తాతా, కిందిమడి వాళ్ళకు నీళ్ళు చాలకపోతే పోట్లాట రాదా?"

"ఎందుకు రాదు బాబూ, వస్తాది. అయినా నీళ్ళు మా దగ్గర ఎంతసేపు ఆగుతాయి? కిందికే పోతాయి. నీది ఏ ఊరు?"

"పెడన. బందరు దగ్గర. అన్నిటికంటే కింద."

"అయితే నీ దగ్గరకే వస్తాయి కాబోలు" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మా నీళ్ళు కృష్ణవి. కృష్ణ పడమటి కనుమలలో మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. ఈ కొండకు కృష్ణతో ఏం సంబంధం? తాతకు భూగోళం తెలియదనుకున్నాను. నాకే తెలియదు.

ఆ సాయంత్రం పాడేరులో లెక్చరరు గారి దగ్గర మ్యాపు తీసుకుని నేల మీద పరిచి కూర్చున్నాను. ఈ కొండల వెన్ను మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలు మీద పడ్డది గోస్తని, శారద వంటి పొట్టి నదులలో పడి దగ్గరలోనే సముద్రం చేరుతుంది. పడమటి వాలు మీద పడ్డది మత్స్యగెడ్డలో పడుతుంది. పాడేరు దాటి పెదబయలు వైపు పోతే ఆ గెడ్డ కనిపిస్తుంది. అది సముద్రానికి వీపు తిప్పి ఉత్తరంగా పోయి, మాచ్‌ఖండ్ అనే పేరుతో ఒడిశా సరిహద్దు పట్టుకుని, జోలాపుట్ ఆనకట్ట దగ్గర నిలిచి, డుడుమ జలపాతంగా దూకుతుంది. 1955 నుంచి అక్కడ కరెంటు తీస్తున్నారు, 120 మెగావాట్లు. అక్కడినుంచి వెనక్కి తిరిగి నైరుతి దిక్కుగా దిగుతుంది; పేరు సీలేరు అవుతుంది. ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్లు. అదే నీరు, మెట్టు మెట్టుకూ పని చేస్తూ – తాత మళ్ళలాగానే. చివరకు సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి.

గోదావరిలో కలిసింది గదా, మనకేమిటి అని నేనూ అనుకునేవాడిని, 2015కు ముందయితే. ఆ సంవత్సరం పట్టిసీమ ఎత్తిపోతల మొదలైంది. కూనవరానికి దిగువన, పాపికొండలు దాటాక, పోలవరం పక్కన పట్టిసీమ. అక్కడ 24 పంపులు గోదావరి వరదనీటిని సెకనుకు 240 ఘనపు మీటర్ల వరకు తోడి పోలవరం కుడికాలువలో పోస్తాయి. ఆ కాలువ 174 కిలోమీటర్లు నడిచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడికి దిగువనే ప్రకాశం బ్యారేజి. బ్యారేజి నుంచి తూర్పు డెల్టా కాలువలు. వాటి చిట్టచివర మా చేను.

నేను మ్యాపు మీద వేలు పెట్టి మత్స్యగెడ్డ నుంచి పెడన దాకా మూడుసార్లు నడిపించాను. ఇంద్రావతి, ప్రాణహిత నీళ్ళు కలిసి వుండవచ్చుగాక. పాడేరు కొండమీది వాన కూడా మా కాలువలో వున్నది. ముసలాయన నవ్విన నవ్వు ఇంకా గుర్తున్నది.

వ్యవసాయం తెలియనివారికి ఈ నీళ్ళ విలువ ఒక్క మాటలో చెప్పాలి. ఎగువ రిజర్వాయర్లు నిండి కృష్ణ నీళ్ళు వచ్చేదాకా ఆగితే మాకు నాట్లు ఆగస్టు, ఒక్కోసారి సెప్టెంబరు. అప్పుడు నాటితే పంట చేతికొచ్చేది నవంబరు దాటాక. నవంబరు అంటే తుపాన్ల నెల. 1977 నవంబరు 19 దివిసీమలో ఏం జరిగిందో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అంత ఉప్పెన రాకపోయినా, కోతకు వచ్చిన వరి మీద రెండు రోజులు వాన నిలిస్తే చాలు, కంకి పడిపోయి చేలోనే మొలకెత్తుతుంది. గోదావరికి వరద ముందుగా వస్తుంది. జూలైలో ఆ నీళ్ళు అందితే నాట్లు ఒక నెల ముందుకు జరుగుతాయి. పంట తుపానుకు ఎదురు పోకుండా ఒడ్డుకు చేరుతుంది. మా ఇంట్లో నా కాలేజీ ఫీజు ఆ ఒక్క నెల మీద ఆధారపడి వుంటుంది. ఇది అతిశయోక్తి కాదు.

ఇంతేననుకుంటే ఇంకొకటి బయటపడింది. పాడేరులో సంత చూశాము. చింతపండు, పసుపు, అడ్డాకుల కట్టలు, కుంకుళ్ళు, ఒక పక్క గోనె నిండా కరక్కాయలు. మిత్రులకు అవేమిటో తెలియలేదు. నాకు తెలుసు. మా వూళ్ళో కలంకారీ అద్దకం వీధిలో ఆ వాసన మధ్య పెరిగాను. గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి ఆ నీటిని చెక్క అచ్చుతో అద్దితే, అద్దినచోట నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుముతో కలిసి నల్లని పదార్థమవుతుంది. అది నూలుపోగును పట్టుకుని వదలదు. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. ఆ తరువాత గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవనీరు పనికిరాదు, వదిలిన రంగు తిరిగి గుడ్డకే అంటుతుంది. కరక్కాయ అడవిది, నీరు కాలువది. పెడన చీర అని పేరు పెట్టి అమ్మేదానిలో కొండ ఎంతుందో అద్దేవారికి తెలుసునేమో, కట్టేవారికి తెలియదు. స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అని అమ్మేవారి సంగతి వేరే వ్యాసం.

ఈ అటవీ వస్తువులను గిరిజనుల దగ్గర కొనటానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అంతకు ముందు షావుకార్లదే రాజ్యం. ఒక కుంచం ఉప్పుకు ఎంత చింతపండు ఇవ్వాలో కొండవాడు నిర్ణయించలేదు.

కొండవాడు ఏది నిర్ణయించలేకపోయాడో చూస్తే ఈ ప్రాంతపు చరిత్ర తెలుస్తుంది. 1882 మద్రాసు అటవీచట్టం వచ్చి పోడు కొట్టటం, కట్టెలు తెచ్చుకోవటం నేరమన్నది. ఘాటురోడ్లు వేయటానికి చాలీచాలని కూలికి, ఒక్కోచోట అదీ లేకుండా, పట్టి పనిచేయించారు. ఆ కడుపుమంట మీదనే అల్లూరి సీతారామరాజు నిలబడ్డాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా, వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో వున్నది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. సినిమాల పుణ్యమా అని ఆయన బాణం అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొర సోదరుల పేర్లు మా బస్సులో నలభై మందిలో ఇద్దరికే తెలుసు. నేను ఆ ఇద్దరిలో లేను.

మా మిత్రుడొకడు అక్కడి చల్లగాలికి మైమరిచి, "ఇక్కడ ఒక పది సెంట్లు కొని పడేస్తే!" అన్నాడు. కుదరదు. 1970లో వచ్చిన భూబదలాయింపు నిబంధన ప్రకారం – అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు – ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. ఇది అన్యాయం కాదా అని వాడు వాదించాడు. మా వైపు రొయ్యల చెరువులు ఎవరి పొలాల్లో లేచాయో, ఇప్పుడు ఎవరి చేతుల్లో వున్నాయో ఒకసారి గుర్తు చేసుకోమన్నాను. వాడిదీ రైతుకుటుంబమే. ఊరుకున్నాడు.

కానీ నేను ఊరుకోలేకపోయిన సంగతి ఒకటున్నది. జోలాపుట్‌లో నీరు నిలపటానికి కొండజనం ఊళ్ళు వదిలారు. పోలవరం పూర్తయి పూర్తిగా నీరు నిలిస్తే కూనవరం వైపు శబరి ఒడ్డు ఊళ్ళూ పొలాలూ మునుగుతాయి. కొన్ని ఊళ్ళవారు ఇప్పటికే కదిలారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు అక్కడివారు ఇళ్ళు విడిచి కొండలెక్కారు. పోలవరం నీళ్ళు డెల్టాకూ వస్తాయి. నాకు ఆ నీళ్ళు కావాలి. మా నాన్నకు కావాలి. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే పునరావాసం డబ్బు ఆలస్యమైందని పేపర్లో చిన్న అక్షరాలలో వస్తే, ఇంతకాలం పేజీ తిప్పేసేవాడిని. శివారు భూములకు నీళ్ళు ఆలస్యమయ్యాయని అదే పేజీలో వస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడిని.

మళ్ళీ మన విద్యార్థులు వెళతారు గనుక రెండు మాటలు. పగటి రైలులోనే వెళ్ళండి, రాత్రి వెళితే సొరంగానికీ బయటికీ తేడా తెలియదు. స్వెట్టరు మరవవద్దు. అరకులో ఒక్కపూట తగ్గించుకుని పాడేరు వైపు ఒక్కరోజు వుండండి, మత్స్యగెడ్డ చూడండి. థింసా నృత్యం డబ్బిచ్చి ఆడించుకోవచ్చు, మేమూ ఆడించుకున్నాము. చేయీ చేయీ వెనకగా కలిపి స్త్రీలు ఒకే అడుగు వేస్తుంటే చూడముచ్చటగానే వున్నది. అయినా మా వూరి సంబరంలో గరగనృత్యం ఆడేవారిని మధ్యలో ఆపి, వెలుతురు బాగాలేదు మళ్ళీ ఆడండి అంటే ఎట్లా వుంటుందో అనిపించి, నేను ఫోటో తీయలేదు. మిగతావారు చాలానే తీశారు, ఆ ఫోటోలు నోటీసు బోర్డులో చూడవచ్చు.

ఇంటికి రాగానే నాన్నకు మ్యాపు చూపించాను. ఆయన ఆసక్తిగా విన్నట్లు కనిపించలేదు. "మధ్యలో అన్ని ఆనకట్టలుంటే మనదాకా ఏం వస్తాయిరా" అన్నాడు. తరువాత కాసేపటికి, అక్కడ వరి ఏ రకం వేస్తారని అడిగాడు. అడగలేదని చెబితే, అన్ని రోజులు తిరిగి ఆ ఒక్క ముక్క అడగకపోతే ఎట్లా అని కోప్పడ్డాడు. ఇప్పుడు మాత్రం పేపరు రాగానే బెజవాడ వానతోపాటు పాడేరు వాన కూడా ఎంత పడిందో చూసి చెప్పమంటున్నాడు.